కుడివైపు గడి

వాల్దీవియాలో వాన ఆగదు.
రేకుల కప్పు మీద రోజంతా
ఏదో అప్పజెబుతూనే ఉంటుంది.
కింద చీకటి గదిలో కూర్చుని
నేను తెలుపులో తెలుపును వెతుకుతుంటాను.

పదకొండేళ్లుగా నా దగ్గర ఒక గళ్ల పుస్తకం.
ఎడమ గడిలో నా అనుమానం, చూసిన రోజే, సిరాతో.
కుడి గడి ఖాళీ.
నది అవతలి లాబ్ నుంచి కాయితం వచ్చేదాకా
దాన్ని ముట్టుకోను.
పెన్సిల్ వాడను. నన్ను నేను ఎరుగుదును.

ఆ మంగళవారం ఇద్దరు.

ఉర్సులినా నావుయెల్పాన్, యాభై ఎనిమిది,
చేపల రేవులో మూడో బల్ల ఆమెది.
చేతులకు నిమ్మకాయ వాసన, దాని కింద చేప వాసన.
తెర మీద ఆమె గడ్డ పల్లేరుకాయ.
అన్ని వైపులా ముళ్లు,
విద్యార్థులకు బొమ్మ గీసి చూపించే రకం.
నాలుగు-సి అని రాశాను.
మనసులో ఐదు అనుకున్నాను.

తర్వాత నిల్దా ఒయార్సో, ముప్పై నాలుగు,
గోళ్లలో సుద్దపొడి, లెక్కల టీచరు.
గుండ్రంగా, నున్నగా, గోలీకాయంత.
నొక్కితే పక్కకు జారింది.
పాపం ఎరగనిది, అంది నా చెయ్యి.
ఒక్క మూల మాత్రం
అద్దం మీద ఊపిరి తగిలినట్టు మసక.
జెల్ తుడిచి, మళ్లీ రాసి, మళ్లీ చూశాను.
ఆ మసక కోసమే నాలుగు-ఎ.
"నూటికి రెండు దాటి, పది లోపు" అన్నాను.
ఆమె తల ఊపింది.
అంకె దొరికితే బస్సులో పట్టుకునే కమ్మీ దొరికినట్టే ఆమెకు.

ఉర్సులినా అట్లా కాదు.
"యాభై పైన, తొంభై అయిదు లోపు" అంటే నవ్వింది.
"ఇదేం బేరం డాక్టరమ్మా!
నేనూ మొప్పలెత్తి చూసి చెబుతాను తాజాదో కాదో.
నూటికి తొంభైసార్లు తప్పను.
కొన్నవాడు నూరు చేపలు మోసుకుపోడు కదా,
ఒక్కటే పట్టుకుపోతాడు.
కోసి చూడు."

కోయడం అనేది పెద్ద మాట. సూదే.
శబ్దం వస్తుందని ముందే చెబుతాను.
టప్ మంటుంది, అయినా ఉలిక్కిపడతారు,
ఒక్కోసారి నేనూ.
దారప్పోగుల్లాంటి అయిదు ముక్కలు సీసాలో వేస్తే
కొవ్వు తేలుతుంది, గట్టిది మునుగుతుంది.
ఉర్సులినావి మూడు తేలాయి.
నిల్దావి అయిదూ మునిగాయి.
దానికేం అర్థం లేదు, మామూలు గడ్డలూ మునుగుతాయి
అని నర్సుకు చెప్పాను, ఆమె అడక్కపోయినా.

తొమ్మిదో రోజు కాయితాలు.

ఉర్సులినాది దెబ్బ తిని చచ్చిన కొవ్వు.
నమ్మక మళ్లీ తీయించాను. మళ్లీ అదే.
ఎప్పుడో తెడ్డు పిడి ఎదురు తన్నిందట,
ఆమె మరిచిపోయింది, ఒళ్లు దాచుకుంది.

నిల్దాది క్యాన్సర్.
మందులు తట్టే మూడు తలుపులూ లేని రకం.
మరీ తొందరగా పెరిగేవి కొన్ని
ఇలాగే గుండ్రంగా ఉంటాయి,
ముళ్లు తొడుక్కునే తీరిక లేక.

అంకె తప్పలేదు.
రెండు దాటి పది లోపు అన్నాను,
ఆ కొద్దిమందిలోనే ఆమె ఉంది.
తప్పలేదన్నదే నాకు గొంతు దిగనిది.
ఆ మసక మూల కోసం రెండోసారి జెల్ రాయకపోతే
మూడు అని రాసేదాన్ని,
ఆరు నెలల తర్వాత రమ్మనేదాన్ని.
ఆరు నెలలు. దానికి అది చాలు.

చెప్పినప్పుడు నిల్దా కిటికీ వైపు చూసింది.
"అంటే మిగతా తొంభైమందికి పైగా
ఈ కుర్చీలోంచి లేచి ఇంటికెళ్లారు" అంది.
అవునన్నాను.
"వాళ్లకీ ఇలాగే సూది వేశారా?"
వేశామన్నాను.
కాసేపాగి, "వెయ్యండి" అంది,
బడిలో పిల్లలకు అనుమతి ఇచ్చినట్టు.

కుడి గడులు రెండూ నింపాను.
పదకొండేళ్ల పుస్తకంలో నా అంకెలు మంచివే,
సభల్లో చూపించుకోదగ్గవి.
పుస్తకం మూశాక ఎక్కడా కనపడని ముఖాలు.

శనివారం ఉర్సులినా వచ్చి
కాయితంలో చుట్టిన చేపను కీబోర్డు పక్కన పెట్టింది.
"చెప్పు, తాజాదేనా?"
మొప్పలెత్తాను. ఎర్రగానే ఉన్నాయి.
కింద ఒక మూల, కొంచెం,
వెలుతురు తక్కువ కాబోలు,
దీపం దగ్గరికి లాక్కున్నాను.
ఆమె ఓపిగ్గా నిలబడింది.
బయట తర్వాతి పేరు పిలుస్తున్నారు.